తల్లిచెట్టు కమలాపండు

తేనెవాక రాజ్యం ఇప్పుడు ఏ పటంలో వెతికినా దొరకదు. వెతికి, లేదని నాతో పోట్లాటకు రాకండి. ఒకప్పుడు ఉండేది. కొండవాలు పొడవునా కమలాతోటలే. చలికాలం వచ్చిందంటే ఏ అరుగు మీద చూసినా కమలాపండ్ల రాశులు, ఏ పిల్ల వేళ్ళు చూసినా పసుపు మరకలు. ఆడవాళ్ళు తొక్కలు ఎండబెట్టి సున్నిపిండిలో కలిపేవారు, పచ్చి తొక్కలతో పచ్చడి చేసేవారు, గింజలను పిల్లలు ఒకరి మీద ఒకరు విసురుకునేవారు. అలాంటి రాజ్యానికి ఒక ఏడాది పెద్ద కష్టం వచ్చిపడింది. ఉన్నట్టుండి జనం నాలుకలకు రుచి తెలియకుండా పోయింది.

ఓస్ ఇంతేనా, జలుబు చేస్తే మాకూ పోతుంది కదా అనుకుంటున్నారేమో. జలుబు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ఇది తగ్గలేదు. పెద్దవాళ్ళు ఎలాగో నాలుగు ముద్దలు నమిలి కడుపు నింపుకునేవారు. చిన్నపిల్లలకు నచ్చజెప్పడం ఎవరి తరం? పాలు పట్టినా, పరమాన్నం పెట్టినా, నోట్లో మట్టి పోసినట్టు ఉమ్మేసేవారు. నెల తిరిగేసరికి ఊరూరా పిల్లల బుగ్గలు లోపలికి పోయాయి.

పండ్లు కోసి, ఏరి, బుట్టలకెత్తే కుటుంబంలో పుట్టిన పైడికి పద్నాలుగేళ్ళు. దాని చెల్లెలు లచ్చికి మూడు నిండాయి. నెల కిందటి దాకా ఇల్లు పీకి పందిరి వేసిన లచ్చి, ఇప్పుడు నులకమంచం దిగడం లేదు. ఎత్తుకుంటే దూదిమూటంత బరువు లేదు. అమ్మ గిన్నె పట్టుకుని వస్తుంటే చాలు, రెండు చేతులతో నోరు మూసుకునేది. అది చూసి అమ్మ ఏడ్చేది. పైడి మాత్రం ఏడవలేకపోయేది. ఎందుకంటే ఈ కష్టం ఎక్కడినుంచి వచ్చిందో పైడికి తెలుసు. ఆ సంగతి దాని గొంతులో ముల్లులా గుచ్చుకుని ఉంది.

తేనెవాకలో ఒక ఆచారం ఉండేది. ఏటా తొలికోతలో ఒక బుట్ట నింపి అడవి అంచున ఉండే వనయక్షిణికి సమర్పించాలి. దాన్ని తొలిబుట్ట అంటారు. ఆ ఏడు అమ్మకు జ్వరం వస్తే, ఆమె బదులు సర్దేవాళ్ళలో కూర్చున్న పైడి చేతికి, ఎవరూ గమనించకుండానే, తొలిబుట్ట వచ్చింది. బజారు బుట్టలు ఎలా సర్దుతారో తెలుసా? పైవరసలో నిగనిగలాడే పెద్ద కాయలు, కింద చిన్నవి, అడుగున మెత్తబడినవి. ఊళ్ళో అందరూ చేసే పనే. పైడి చేతులకు ఏడేళ్ళ వయసు నుంచి అదే అలవాటు. ఇది బజారుకు పోయే బుట్ట కాదన్న మాట ఆ చేతులకు తట్టనే లేదు. యక్షిణి పైవరస తీసి, రెండోది తీసి, మూడో వరసలో చెయ్యి పెడితే వేళ్ళకు బూజు అంటుకుంది.

“పైకి ఒకటి, లోపల ఒకటి. ఇలాంటి మీకు రుచి దేనికి?” అని శపించింది యక్షిణి.

జనం ఆమె కాళ్ళ మీద పడ్డారు. చివరికి కొంచెం మెత్తబడి ఒక దారి చెప్పింది. ఉత్తరాన మంచుకొండ మీద కమలాలన్నిటికీ తల్లిచెట్టు ఉంది. దాని పండు ఒకటి, కుళ్ళు లోపలికి దిగకుండా, వాసన చావకుండా తెచ్చి, ఈ గడ్డ మీద ఒలవాలి. ఒలిచినప్పుడు చిమ్మే తొలి పరిమళం సోకితే నాలుకలు మేలుకుంటాయి. ఒక మనిషికి ఒక్క పండే ఇస్తుంది ఆ చెట్టు.

మణికేతు మహారాజు ముగ్గురు సేనాపతులను పంపాడు. మొదటివాడు చెట్టుమీద అన్నిటికన్నా పెద్ద పండు తెచ్చాడు. ఒలిస్తే లోపల ఎండిన పీచు, బోలెడంత ఖాళీ. రెండోవాడు గుంజి తెంపాడు. తొడిమ దగ్గర తొక్క చిరిగి, సగం దారిలోనే పండు నీరు కారింది. మూడోవాడు తెలివైనవాడినని అనుకున్నాడు. పన్నీటితో కడిగి, బంగారు భరిణెలో పెట్టి బిగించి తాళం వేశాడు. సభలో తాళం తీస్తే పండు కనబడలేదు, ఆకుపచ్చ బొచ్చు కనబడింది. ఆ తర్వాత వెళతానన్నవాడు లేడు.

“నేను వెళ్తానమ్మా” అంది పైడి.

“మీసాలున్న మొనగాళ్ళ వల్లే కాలేదు. నువ్వేం చేస్తావే?” అంది అమ్మ.

“వాళ్ళకి గుర్రాలు తెలుసు, కత్తులు తెలుసు. కమలాలు తెలీవు. నాకు తెలిసింది అదొక్కటే కదా.”

అమ్మ లేచి, అటుకుల మూట కట్టింది. పైడి ఒక వెడల్పాటి మేదర బుట్ట, ఎండుగడ్డి, కాయలు కోసే కత్తెర, ఒక గొంగడి సర్దుకుంది. తొలిబుట్ట సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేక బయలుదేరింది.

మూడు రోజులు అడవిలో నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం ఒక ఆశ్రమం కనబడింది. కనబడడం కన్నా ముందే వాసన వచ్చింది, అదీ మంచి వాసన కాదు. లోపల ఒక ముని ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని జపం చేసుకుంటున్నాడు. పక్కన భక్తులు తెచ్చిన పండ్లన్నీ నడుమెత్తు గుట్టగా పోసి ఉన్నాయి. ఈగలు ముసిరి ఉన్నాయి.

“స్వామీ, మంచుకొండకు దారెటు?” అంది పైడి.

“దారి చెబితే నాకేమిటి లాభం? అడిగినవాడల్లా అడిగి పోతున్నాడు. ఈ కంపు మాత్రం ఎవరూ వదిలించరు. రోజూ మంత్రజలం చల్లుతున్నాను. చల్లినకొద్దీ ఎక్కువవుతోంది.”

పైడికి నవ్వు ఆగలేదు. “ఎక్కువవదా మరి? తడి తగిలితే బూజుకు పండగే కదా స్వామీ” అంటూ చీర కుచ్చిళ్ళు ఎగదోపి పనిలోకి దిగింది. కుళ్ళినవి ఏరి దూరంగా గోతిలో పూడ్చింది. వాటిని ఆనుకుని ఉన్నవి పొడిగుడ్డతో తుడిచి, ఇవాళే తినేయమని విడిగా పెట్టింది. మిగిలినవి నీడపట్టున, గాలి ఆడే చోట, ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసలో పరిచింది.

“గుట్ట పోయకూడదు స్వామీ. అడుగున ఉన్నవి బరువుకు నలుగుతాయి. ఒకటి కుళ్ళితే పక్కదాన్ని పాడుచేస్తుంది. కడిగేది తినేముందే.”

ముని గడ్డం నిమురుకున్నాడు. “నాలుగు వేదాలు చదివాను గానీ, ఈ ముక్క ఎక్కడా తగల్లేదు” అని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టి మంచివాడే. కమండలంలోంచి చుక్కనీరు తీసి ఎదురుగా ఉన్న బండ మీద చిలకరించగానే, బండ పక్కకు జరిగి కొండెక్కే మెట్లదారి బయటపడింది.

మెట్లు మంచులోకి ఎక్కాయి. పైన, మబ్బులకు కొంచెం కిందుగా, తల్లిచెట్టు ఉంది. దాని కాయలు ఎర్రగా, వెలిగించిన దీపాల్లా ఉన్నాయి. చెట్టు కింద కూర్చున్న రాక్షసుడి పేరు గంపముక్కు. పేరెందుకు వచ్చిందో మీరు వాణ్ణి చూస్తే అడగరు.

“ఏయ్ పిట్టపిల్లా, నువ్వు నాలుగోదానివి. ఒక్కటి కోసుకో. తప్పు పండు కోస్తే మళ్ళీ ఈ మెట్లు ఎక్కలేవు. నాకైతే కాలక్షేపం. మొన్నటివాడి మొహం తలుచుకుంటే ఇప్పటికీ కడుపుబ్బ నవ్వొస్తుంది.”

పైడి చెట్టు చుట్టూ తిరిగింది. వెలుపలి కొమ్మలకు ఉన్న పెద్ద పండ్లు ఎండలో మిలమిలలాడుతూ రమ్మంటున్నాయి. ఒకదాన్ని కొమ్మన ఉండగానే అరచేతిలో ఆనించి చూసింది. పెద్దదే, కానీ బరువు లేదు. తొక్క లోపలి తొనలను వదిలేసి వదులు చొక్కాలా కదులుతోంది. అలా పది చూసింది, ఇరవై చూసింది. గంపముక్కు ఆవులించాడు.

లోపలి కొమ్మల్లో, ఆకుల చాటున, ఒక చిన్న పండు ఉంది. పైనా కిందా కాస్త అణిగి, ఒక బుగ్గ ఇంకా ఆకుపచ్చగానే ఉంది. పైడి దాన్ని అరచేతిలో ఆనించింది. ఆ చిన్నదానిలో అంత బరువు ఎక్కడ దాగిందో తెలియలేదు. తొక్క బిగువుగా, సన్నని రంధ్రాలతో నున్నగా ఉంది. తొడిమ దగ్గర నక్షత్రంలా ఉండే ఆకుపచ్చ ముచ్చిక వాడకుండా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన అంతంతమాత్రమే. తొక్క లోపలే దాచుకుందని పైడికి అర్థమైంది.

“అది పచ్చికాయ” అని పకపకా నవ్వాడు గంపముక్కు.

“రంగు ఎండకు వస్తుంది మామా. నీడనున్న కాయకి బుగ్గన పచ్చదనం ఉండిపోతుంది. రసానికీ రంగుకీ పొత్తు లేదు.”

పైడి పండు లాగలేదు. కత్తెరతో ముందు కాస్త పొడుగు తొడిమతో కోసింది. తర్వాత ఆ తొడిమను నక్షత్రం దాకా మట్టంగా కత్తిరించింది. పొడుగ్గా వదిలితే గుచ్చుకుంటుంది, మొదలంటా తీస్తే గాయమవుతుంది. గంపముక్కు నవ్వు ఆపేశాడు. అప్పటిదాకా ఎవరూ రెండుసార్లు కొయ్యడం వాడు చూడలేదు.

“ఇదిగో బంగారు పెట్టె, ఇందులో పెట్టుకుపో.”

“వద్దు మామా. పండు కూడా ఊపిరి పీలుస్తుంది. పెట్టెలో పెడితే చెమటపట్టి చస్తుంది” అని, పైడి దాన్ని బుట్టలో ఎండుగడ్డి మీద పెట్టింది. చెట్టుకు చెప్పకుండా వెళ్ళడం బాగుండదని ఒంగి దణ్ణం పెట్టుకుంది. ఆ ఒక్క క్షణంలో గంపముక్కు బుట్ట అడుగున, గడ్డి కింద ఏదో దూర్చాడు. ఓడిపోవడం వాడికి చేతకాదు. దణ్ణం పెట్టుకుంటున్న పైడి అది చూడలేదు.

దిగుతుండగా కొండ మీద వాన మొదలైంది. రాళ్ళు కరిగేంత వాన. పైడి గొంగడి తీసి బుట్టకు కప్పింది. దాని జుట్టు, బట్టలు, అటుకుల మూట అన్నీ తడిసి ముద్దయ్యాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటుండగా ఒక గుహ కనబడింది. లోపల తాటిచెట్టంత నాగుపాము చుట్టలు చుట్టుకుని ఉంది. దాని పడగ మీద మణి నిప్పుకణికలా వెచ్చటి వెలుగు చిమ్ముతోంది.

“లోపలికి రా పిల్లా. నా మణి దగ్గర కూర్చో. చలికి చచ్చేలా ఉన్నావు” అంది నాగు.

పైడి కాళ్ళు వాటంతట అవే ముందుకు వెళ్ళబోయాయి. బిగబట్టి ఆపింది. “మంచి మాటే అవ్వా. కానీ నా దగ్గర పండు ఉంది. దానికి చలే మేలు, వేడి తగిలితే రెండు రోజుల్లో మురిగిపోతుంది. నేను గుమ్మంలోనే కూర్చుంటాను.”

“అయితే బుట్ట బయట పెట్టి నువ్వు రా.”

“పండు వానలో, నేను వెచ్చగానా? నాకు కుదరదులే అవ్వా.”

నాగుకు కోపం వచ్చింది. ఇంతవరకూ దాని మణిని కాదన్నవాళ్ళు లేరు. పైడి గుమ్మంలోనే చతికిలబడి, పండు తడిసిందేమోనని గొంగడి తీసి చూసింది. అప్పుడు ఆ వాసన తగిలింది. పులిసిన, ముక్కిన వాసన. గడ్డి పైకెత్తి చూస్తే అడుగున ఇంకో కమలాపండు. వేలు పెడితే దిగబడేంత మెత్తగా ఉంది. దానిమీద నీలం బూజు. చుట్టూ గడ్డికంతా చెమ్మ పాకింది. తన పండు తీసి చూసుకుంది. అడుగున నువ్వుగింజంత తడి మచ్చ.

పైన మంచిది, కింద కుళ్ళుది. ఎవరు నేర్పిన సర్దుడు ఇది? పైడి గంపముక్కును తిట్టలేదు. తన చేతులవైపు చూసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నెల రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

“ఏమైందే?” అంది నాగు, కోపం మరిచిపోయి.

పైడి అంతా చెప్పింది. తొలిబుట్ట, దాని అడుగున తను పెట్టిన మెత్తటి కాయలు, శాపం, మంచం దిగని లచ్చి. ఎవరికీ చెప్పని మాట ఒక పాముకు చెప్పింది. చెప్పాక గొంతులో ముల్లు కొంచెం కదిలింది. కన్నీళ్ళు తుడుచుకుని, కుళ్ళిన పండునూ గడ్డినీ దూరంగా పారేసింది. మంచి పండును గొంగడి లోపలివైపు పొడి అంచుతో అద్దింది. ఇప్పుడు దాన్ని దేనిమీద పడుకోబెట్టాలి? అడవిలో పొడి ఆకు ఒక్కటి లేదు.

గుహ మూలన తెల్లగా ఏదో కుప్పపడి ఉంది. నాగు విడిచిన కుబుసం. ఎండి, తేలికగా, కన్నాలతో జల్లెడలా ఉంది.

“అవ్వా, నీ పాత చొక్కా నాకిస్తావా?”

నాగు పడగ ఊగించి నవ్వింది. “మూడు వందల ఏళ్ళుగా వచ్చినవాడల్లా మణి అడిగాడు. చొక్కా అడిగింది నువ్వే. తీసుకో. వాన తగ్గాక నా వీపెక్కు. మీ పొలిమేర దాకా దిగబెడతాను. మూడు రోజుల దారి ఒక పూటలో పోతుంది.”

అలా మర్నాడు మధ్యాహ్నానికి పైడి కోటగుమ్మం ముందు నిలబడింది. జనం గుమిగూడారు. రాజు, రాణి, మంత్రి అందరూ వచ్చారు. మంత్రి వెండిపళ్ళెం చాపి, “ఇలా ఇవ్వమ్మా. పండును పన్నీటితో కడిగి, నూనె రాసి మెరుగుపెట్టి, రేపు తెల్లవారి సుముహూర్తానికి సభలో ఒలుద్దాం. ఇలా సగం పచ్చగా ఉన్నది మహారాజు ముందు పెడితే ఏం మర్యాద?” అన్నాడు. ఆ ఊరివాళ్ళకు పండు అనగానే మెరుగు పెట్టాలనే తోస్తుంది మరి.

పైడి పండును తిప్పి చూసింది. నువ్వుగింజ మచ్చ మిరియపు గింజంత అయింది. రేపటికి తొక్కంతా పాకుతుంది. పళ్ళెంలో పెట్టకుండా రాజుగారి వైపు తిరిగింది.

“మహారాజా, తప్పు నాది. తొలిబుట్ట సర్దింది నేనే. పైన మంచివి పెట్టి కింద కుళ్ళువి పెట్టింది నేనే. మాకు అదే అలవాటు. శిక్ష వేస్తే వెయ్యండి, పడతాను. కానీ ఈ పండుకి మళ్ళీ మెరుగులు వద్దు. దీనికి మచ్చ ఉంది, చూడండి, దాచను. ఇది రేపటి దాకా ఆగదు.”

జనంలో ఉన్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పండ్లు సర్దే మిగతా ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఆ అలవాటు లేని చెయ్యి ఒక్కటీ లేదు అక్కడ.

రాజు మచ్చవైపు చూశాడు, పిల్లవైపు చూశాడు. “ఎంతసేపు ఉంది?” అన్నాడు.

“ఇప్పుడే ఒలవాలి, దొరా. ఎత్తయిన చోట, గాలికి ఎదురుగా.”

“బురుజు ఎక్కు” అన్నాడు రాజు.

బురుజు మీద ఉత్తరపు గాలి వీస్తోంది. మంత్రి అందించిన చాకు పైడి తీసుకోలేదు. మచ్చకు దూరంగా, తొడిమ పక్కన బొటనవేలి గోరు దించింది. తొక్క చిట్లి సన్నని తుంపర ఎగిరింది. ఆహా, ఆ పరిమళం నేను చెప్పలేను. మీరే ఒక మంచి కమలాపండు ఒలిచి చూడండి, దానికి వెయ్యింతలు అనుకోండి. అది గాలిలో కలిసి బురుజు దిగి, వీధులు దాటి, తోటల మీదుగా పోయింది.

ముందుగా బురుజు మీది ముసలి కావలివాడు నములుతున్న తాంబూలం ఆపి, “ఛీ, సున్నం ఎక్కువైంది” అన్నాడు. అని, తనేమన్నాడో తెలిసి బావురుమన్నాడు. వంటశాలలోంచి వంటవాడు గరిటెతో పరిగెత్తుకొచ్చి, నెల రోజులుగా రాజుగారికి ఉప్పుకషాయం లాంటి పులుసు పోశానని లెంపలు వేసుకున్నాడు. ఊరంతా ఎవరి గిన్నె దగ్గరికి వాళ్ళు పరుగో పరుగు.

రాజు పైడికి శిక్ష వెయ్యలేదు. తర్వాత కొన్నాళ్ళకు రాజ్యంలోని పండ్ల కొటారులన్నిటికీ ఆమెనే పెద్దను చేశాడు. అడుగువరసా పైవరసా ఒక్కలా ఉండాలన్నది ఆమె పెట్టిన మొదటి కట్టుబాటు. ఇంకొన్నేళ్ళకు చిన్న యువరాజు ఆమెను పెళ్ళాడతానని వస్తే, కాయలు ఏరడం నేర్చుకుని రమ్మంది. అతను రెండేళ్ళు కష్టపడి నేర్చుకునే వచ్చాడు. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మాత్రం పైడి ఎవరి మాటా వినకుండా, ఒలిచిన పండు కొంగులో పట్టుకుని ఇంటికి పరిగెత్తింది. వెనకే అమ్మ.

లచ్చి మంచం మీద ఉంది. పైడి ఒక తొన విడదీసి, నారలు తీసి, దాని మూతి దగ్గర పెట్టింది. లచ్చి రెండు చేతులతో నోరు మూసుకుంది.

రుచి వచ్చింది. కానీ ఆ సంగతి లచ్చికి ఎవరు చెప్పాలి? నెల రోజులుగా తియ్యగా ఉంటుంది తల్లీ, బావుంటుంది తల్లీ అంటూ అందరూ దాని నోట్లో మట్టి పెట్టారు. ఇప్పుడు అది ఎవరినీ నమ్మదు.

“తియ్యగా ఉంటుంది, తినమ్మా” అంది అమ్మ, ఏడుస్తూ. లచ్చి తల అడ్డంగా ఊపింది.

పైడి ఆ తొన తనే కొరికింది. జాగ్రత్తగా నమిలి, నిజంగా ఎలా ఉందో చూసుకుంది.

“లచ్చీ, అబద్ధం చెప్పను. ముందు పుల్లగా ఉంది. చాలా పులుపు, కళ్ళు మూసుకుపోయేంత. తర్వాత కొంచెం తీపి వచ్చింది. గింజ ఒకటి ఉంది, ఊసెయ్యాలి. నచ్చకపోతే ఉమ్మెయ్యి. నేనేమీ అనను.”

లచ్చి అక్క మొహంలోకి చాలాసేపు చూసింది. ఒక చెయ్యి దించింది. కాసేపటికి రెండోది కూడా దించి, నోరు పిట్టపిల్లలా కొంచెమే తెరిచింది. పైడి ఇంకో తొన పెట్టింది.

లచ్చి మొహం ముడుచుకుపోయింది. ఒక కన్ను మూసుకుపోయింది, భుజాలు వణికాయి, ఒళ్ళంతా జలదరించింది. లచ్చి నమిలింది. మళ్ళీ నమిలింది. గింజను తీసి పైడి అరచేతిలో పెట్టింది.

“పుల్లగుంది” అంది లచ్చి. అని, ఇంకోదాని కోసం చెయ్యి చాపింది.